జీపు కింద పాలడబ్బా

“జీపు బాగుచేసింది నువ్వే అంటున్నావు. దాన్ని తగలబెట్టిన ముక్క మాత్రం నీది కాదంటున్నావు. రెండూ ఎలా కుదురుతాయి రాజన్నా?”

అడిగింది డిటెక్టివ్ కావేరి, శాలేమురాజుని. అతను చేతిలోని గుడ్డతో, అప్పటికే శుభ్రంగా ఉన్న స్పానర్‌ని మళ్ళీ తుడిచాడు. భయపడ్డ మనిషి చేతులు ఊరికే ఉండవు, ఏదో ఒక పని వెతుక్కుంటాయి.

తెనాలిలో అతని షెడ్డు. సోమవారం ఉదయం తొమ్మిదయింది. శనివారం పొద్దున బాపట్ల నుంచి రేపల్లె వెళుతున్న పాత పెట్రోలు జీపు ఒకటి చెరుకుపల్లి దాటాక కాలువకట్ట మీద భగ్గున అంటుకుంది. నడుపుతున్న నరసింహారావు గారిని పొలంలో కలుపు తీస్తున్న ఆడవాళ్ళు బయటికి లాగారు. తడిగోనెలు కప్పి, బురద కొట్టి మంట ఆర్పారు. ఆయన ఇప్పుడు గుంటూరు ఆసుపత్రిలో తెలివి లేకుండా ఉన్నాడు. జీపు తయారుచేసి ఇచ్చింది శాలేమురాజు. కొలత కుదరని ముక్క బిగించడం వల్లే పెట్రోలు కారి మంటొచ్చిందని ఇన్సూరెన్సు కంపెనీ తరఫున విచారణ చేస్తున్న ప్రకాశరావు తేల్చేశాడు. సాయంత్రం ఐదింటికల్లా ఆయన రిపోర్టు పోలీస్ స్టేషన్‌కి చేరుతుంది. చేరితే శాలేమురాజు జైలుకి పోతాడు. పైన నరసింహారావు గారికి ఏదైనా అయితే అది హత్య కిందికే వస్తుంది.

“నోరు తెరవ్వేం? ఆ మేడంగారిని పిలుచుకొచ్చింది నీ మొహం చూడ్డానికా?” అంది పొయ్యి దగ్గర నుంచి అతని భార్య దానమ్మ. షెడ్డు వెనకే వాళ్ళ ఇల్లు. కావేరిని వెతుక్కుంటూ వెళ్ళి పిలుచుకొచ్చింది ఆవిడే.

శాలేమురాజు స్పానర్ కింద పెట్టాడు. “మేడంగారండీ, పెట్రోలు గొట్టానికీ పంపుకీ మధ్య ఒక ముక్క ఉంటదండి. నిప్పిల్ అంటాం. బొటనవేలంత. రెండు పక్కలా మరలుంటాయి. ఇంతే. కానీ దాని కోసం నేను నాలుగు నెలలు తిరిగాను.”

“బజారులో దొరకదా?”

“దొరికేయన్నీ మిల్లీమీటరు లెక్కవండి. ఆ పాత జీపుది అంగుళం లెక్క. చూడ్డానికి అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. మిల్లీమీటరుది పెడితే రెండు మరలు ఎక్కుద్ది, తర్వాత పట్టేసుద్ది. బిగిసింది కదా అనుకుంటాం. అది బిగుతు కాదండి, మొండితనం. ఇంజను నాలుగు మైళ్ళు ఊగిందంటే మూలుగుతూ కారుద్ది. పక్కనే పొగగొట్టం నిప్పులా కాలతా ఉంటది.”

“అదే జరిగింది కదా.”

“జరిగింది. కానీ నేను పెట్టింది అది కాదు!” అతని గొంతు లేచింది. “నేను పెట్టింది అసలుది, ఇత్తడిది. గుంటూరు పాతఇనుము కొట్లన్నీ గాలించాను. బెజవాడ వెళ్ళాను. ఆఖరికి కారంచేడులో ఒకాయన దొడ్లో పాత జీపొకటి కోళ్ళగూడైపోయి కనపడింది. ఆ కోళ్ళని తోలి, పంపు విప్పి, ఆ ముక్క తీసుకున్నాను. చింతపండుతో తోమాను. మెరిసిపోయింది. అది పెట్టినాక పెద్దాయన జీపు చుక్క కారలేదు. రెండు రోజులు కింద తెల్లకాగితం పరిచి చూశాను.”

“ఆ ముక్క నీ దగ్గరుందని ఇంకెవరికి తెలుసు?”

శాలేమురాజు తల దించుకున్నాడు. దానమ్మ ఊరుకోలేదు.

“ఎవరికి తెలవదో అడగండి. టీకొట్టు దగ్గర, చర్చి దగ్గర, ఆఖరికి మంగలాయన దగ్గర కూడా చెప్పాడు. కారంచేడులో వజ్రం దొరికింది, జిల్లాలో ఇంకోటి లేదని. నోరా అది, దండోరానా?”

“దాని కోసం ఎవరైనా వచ్చారా?”

“వచ్చాడండి ఒకాయన,” అంది దానమ్మ. “పదిహేను రోజులైంది. ఈయన లేడు. పాత జీపులో వచ్చాడు. మొహానికి తుండుగుడ్డ, నల్లద్దాలు. ఆ నిప్పిల్ తనకిమ్మన్నాడు. బాపట్ల వాళ్ళ జీపుకి బిగించేశాడండీ అంటే, దెయ్యం పట్టినోడిలా నిలబడ్డాడు కాసేపు. నాకా ఒళ్ళు మండింది.”

“ఎందుకు?”

“ఎందుకేంటండి? పొయ్యి మీద కూరుంది నాకు! ఆయన జీపేమో పెట్రోలు కారతా ఉంది. కారింది కారినట్టు పట్టడానికి ఇంజను కింద పాలపిండి డబ్బా తీగతో కట్టుకున్నాడు, గేదె మెళ్ళో గంట కట్టినట్టు. అందులో చుక్క చుక్కా పడతానే ఉంది. అయ్యా, నీ బండి ఆవలికి తీసుకుపో, నా కొంప అంటుకుద్ది అన్నాను. పోయాడు.”

“జీపు రంగు?”

“దుమ్ము రంగండి.”

కావేరి నవ్వాపుకుంది. పేరు లేదు, మొహం లేదు. ఉన్నదల్లా ఒక పాలడబ్బా. లేనిదానికన్నా నయం. “రాజన్నా, నేను ఫోను చేసేదాకా ఎక్కడికీ కదలొద్దు. పారిపోయావంటే తప్పు ఒప్పుకున్నట్టే,” అని లేచింది.

*

బాపట్లలో భువనేశ్వరి గారు ఆసుపత్రికి తీసుకెళ్ళే సంచీ సర్దుకుంటోంది. అరవై అయిదేళ్ళ మనిషి. మూడు రోజులుగా నిద్ర లేక కళ్ళు లోపలికి పోయాయి. అయినా వచ్చినావిడ చేతికి మజ్జిగ గ్లాసు ఇవ్వడం మర్చిపోలేదు.

“ఆ మెకానిక్కు మీద నాకు కోపం లేదమ్మాయ్. ఆయన లేస్తే చాలు నాకు. మా తమ్ముడు అక్కడే కూచుని ఉన్నాడు. ఇదిగో, స్నానానికని వచ్చాను, పన్నెండింటి బండికి పోవాలి.”

“ఎక్కువసేపు ఆపను పిన్నిగారూ. శుక్రవారం ఆ జీపు దగ్గరికి ఎవరెవరు వచ్చారు?”

“ఎవరు రాలేదని అడుగు. ఆదివారం పెనుమూడి రేవు ఇసకలో పాతజీపుల పోటీ పెట్టారుగా. ఈయనేమో పదేళ్ళుగా షెడ్డులో పడున్నదాన్ని బయటికి తీస్తున్నాడు. చూసేవాళ్ళు, ఫోటోలు తీసుకునేవాళ్ళు, తిరనాళ్ళే అనుకో. పొద్దున పూజ చేశాం. శాలేమురాజు కూడా ఉన్నాడు. వాళ్ళకి ఈ బొట్లు అవీ లేవుగా. కానీ పక్కనే నిలబడి, ఇది పంపమ్మా, ఇది గొట్టమమ్మా, దీనికి పెట్టండి, దానికి పెట్టండి అని చూపించాడు. బండికి ఇదే గుండెకాయ అని ఆఖరికి ఆ బుల్లి ముక్క చూపించాడు.”

“ఏ ముక్క?”

“ఇంతది. పసుపుపచ్చగా బంగారం ముక్కలా ఉంది. ఇత్తడమ్మా, దీని కోసం అరికాళ్ళు అరిగాయి అన్నాడు. దానికీ పెట్టాను.” ఆవిడ ఆగి, గిల్టీగా నవ్వింది. “తీరా దాని దగ్గరికొచ్చేసరికి కుంకుమభరిణె అడుగంటింది. శుక్రవారం పూట కుంకుమ నిండుకుందని అనకూడదు కదా. గభాలున లోపలికెళ్ళి, ఆంజనేయస్వామి గుళ్ళో ఇచ్చిన సింధూరం పొట్లం తెచ్చి, దాంతో పెట్టాను. నూనెలో తడిసిన సింధూరం. బండికంతా ఎర్రబొట్లు, దానికొక్కదానికీ నారింజరంగు బొట్టు. ఆయనతో కూడా చెప్పలేదు. అపశకునం అంటాడని.”

కావేరి గ్లాసు కింద పెట్టింది. “ఇంకెవరికైనా చెప్పారా?”

“నీకే చెప్పడం.”

“మధ్యాహ్నం మీరు భోజనాలు చేసేటప్పుడు షెడ్డు ఎవరు చూశారు?”

“మా పాలేరు బ్రహ్మయ్య. ఎవరొచ్చారో, ఎవరు పోయారో అతనికే తెలుసు. కానీ అతను ఊళ్ళో లేడే! రేపల్లెలో కూతురింటికి పోయాడు. మనవరాలికి ఓణీలిస్తున్నారు. ఆకుపచ్చ గాజులు రెండు డజన్లు నన్ను వెంటబెట్టుకెళ్ళి మరీ కొన్నాడు. శనివారం తెల్లారగట్ల గేటు తీసి, జీపు పోయాక బస్సు ఎక్కి పోతానమ్మా అన్నాడు. నాలుగు రోజులు రాడు. ఫోనా? ఛార్జింగు అయిపోతుందని ఎప్పుడూ ఆపే ఉంచుతాడు. ఇక్కడింత జరిగిందని అతనికి తెలుసో తెలీదో పాపం.”

ఆ ఒక్క సాక్షీ అందనంత దూరంలో ఉన్నాడు. కావేరి బ్రహ్మయ్య నంబరుకి రెండుసార్లు చేసింది. ఆవిడ చెప్పినట్టే అది పలకలేదు. కూతురి ఇల్లు ఎక్కడో భువనేశ్వరి గారికి గుర్తులేదు. అల్లుడు చేపల వ్యాను తోలతాడని మాత్రం తెలుసు.

లేవబోతూ కావేరి వంటింట్లోని ఫ్రిజ్జు వైపు చూసింది. తలుపుకి వెంకటేశ్వరస్వామి బొమ్మ ఒకటి అతుక్కుని ఉంది, వెనక అయస్కాంతం ఉన్నది.

“పిన్నిగారూ, ఈ స్వామిని సాయంత్రం దాకా నాకివ్వండి.”

“దండం పెట్టుకుంటావా?”

“సాక్ష్యం చెప్పించుకుంటాను.”

*

కాలిన జీపుని రేపల్లె శివార్లో మూతపడిన ఒక రైసుమిల్లు ఆవరణలో పెట్టారు. కావేరి ఆటో దిగేసరికి మూడుంబావు. ఆవిడ ఫోను అందుకున్న ప్రకాశరావు అప్పటికే ఉన్నాడు. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ నలగని చొక్కా, చంకలో ఫైలు. వెనక చెట్టు నీడలో ఆయన సొంత వాహనం. అది కూడా పాత జీపే, కాకపోతే కొత్తపెళ్ళికొడుకులా కడిగి ఉంది.

“రండి రండి డిటెక్టివ్ గారూ! తెనాలి నుంచి మెకానిక్కు ప్రేమతో పంపాడా?”

“ఆయన భార్య పంపిందండి. మీ జీపు బావుంది.”

“ఉండదా మరి? వాయిదా పడ్డ పోటీ వచ్చే ఆదివారం. ఈసారి ఇసకలో ముందుండేది ఇదే.” అంటూ బానెట్ మీద అరచేత్తో తట్టాడు. అంతలోనే ఫోను మోగింది. పక్కకి తిరిగి మాట్లాడాడు. ఆ మాట పూర్తిగా వేరే మనిషిదిలా ఉంది. “వేసుకున్నావా మందు? గంజి తాగావా? నేనొచ్చి చూస్తా, లేవకు, పడుకో.” ఫోను పెట్టి, మళ్ళీ ఇన్సూరెన్సు మొహం తగిలించుకున్నాడు. “మా ఆవిడ. ఆపరేషనైంది. సరే, చూస్తారా మీ కళాఖండాన్ని?”

కావేరి కాలిన జీపు చుట్టూ తిరిగింది. ముందుభాగం నల్లగా మాడి ఉంది. బురద ఎండి పెచ్చులు కట్టింది. పంపు దగ్గర గొట్టం మూతి తెరుచుకుని ఉంది. అక్కడి నిప్పిల్‌ని ప్రకాశరావు ముందే విప్పి తీశాడు. ఆవిడ జీపు వెనక్కి వెళ్ళింది. తలుపులా దించే వెనక పలక తెరుచుకుని కిందికి వేలాడుతోంది.

“ఇది ఎవరు తెరిచారు?”

“మంటలార్పినవాళ్ళు తెరిచి ఉంటారు.”

“మంట ముందు కదా?”

“కంగారులో ముందేంటి, వెనకేంటి?”

వెనక బెంచీ కింద మసిలో ఏదో మెరిసింది. కావేరి కర్చీఫుతో ఏరింది. ఆకుపచ్చ గాజుపెంకు, వేలిగోరంత.

“గోళీసోడా సీసా,” అన్నాడు ప్రకాశరావు చూడకుండానే. “పాతజీపులంటే అంతే, తుడిచేవాడుండడు. మీరు చూడాల్సింది ఇది.” ఫైలు మీద ప్లాస్టిక్ కవరు పెట్టాడు. అందులో మసిబారిన చిన్న నిప్పిల్. “మిల్లీమీటరు మరలది. అంగుళం పంపులో కుక్కాడు మీ శాలేమురాజు. రెండు మరలు ఎక్కింది, అంతే. కేసు ఇంతే. ఐదింటికి స్టేషన్లో ఇచ్చేస్తున్నా.”

గాజుపెంకుని కర్చీఫులో మడిచి, కావేరి సంచీలోంచి వెంకటేశ్వరస్వామిని తీసింది. కవరు మీద పెట్టి పైకెత్తింది. నిప్పిల్ కవరుతో సహా స్వామి వీపుకి అంటుకుని లేచింది.

“ఇనుము,” అంది.

“అయితే?”

“శాలేమురాజు పెట్టింది ఇత్తడి. ఇత్తడికి అయస్కాంతం అంటదు.”

“పెట్టానని అతను చెబుతాడు. దొంగని అడిగితే దొరనంటాడు. చూసిందెవరు?”

“భువనేశ్వరి గారు. పూజలో ఆ ముక్కకి స్వయంగా బొట్టు పెట్టారు.”

ప్రకాశరావు గట్టిగానే నవ్వాడు. “ఆవిడకి నిప్పిల్ ఏదో, గ్యాస్ బర్నర్ ఏదో తెలుసా అండీ? కట్టుకున్నవాడు చావుబతుకుల్లో ఉన్నాడు, ఆవిడ ఏదైనా చెబుతుంది. కోర్టులో బొట్లు నిలబడవు.”

“బొట్టు పెట్టిన చెయ్యి మర్చిపోదు సార్. శుక్రవారం పూజయ్యాక, శనివారం బండి కదిలేలోగా ఎవరో ఇత్తడిది తీసి ఇనపది పెట్టారు. మీరు ఆ రోజు బాపట్ల వెళ్ళారా?”

“వెళ్ళకేం? పోటీకి బీమా చేయాలంటే బండి చూడొద్దూ? ఫోటోలు తీసుకుని వచ్చా. అది నా ఉద్యోగం.” గొంతు పెరిగింది. “నన్నే విచారిస్తున్నారా మీరు? పెళ్ళాలు మొగుళ్ళ మీద పెట్టే నిఘాలు చేసుకునే మీరు, నన్ను?”

“ఎంతసేపున్నారు?”

“గుర్తులేదు. వాళ్ళు భోజనాల్లో ఉన్నారు. మీకింక చెప్పాల్సింది లేదు.” ఫైలు చంకలో పెట్టుకుని తన జీపు వైపు నడిచాడు.

కావేరి వెనకే వెళ్ళింది, ఏమని ఆపాలో తెలియకుండానే. చేతిలో ఉన్నది అనుమానం. అనుమానం ఉడకని పప్పు లాంటిది, వడ్డిస్తే ఎవరూ తినరు. ఆయన జీపెక్కాడు. తాళం తిప్పాడు. ఇంజను మెత్తగా అందుకుంది.

అప్పుడు ఆవిడ వంగి, జీపు కిందికి చూసింది.

ఇంజను కింద తీగతో కట్టిన పాలపిండి డబ్బా ఊగుతోంది.

“ఆపండి సార్.”

“ఏంటండీ మళ్ళీ?”

“ఈ డబ్బా ఏంటి?”

“పాతబండి కదా. కారేది. పట్టడానికి కట్టాను.”

కావేరి మోకాళ్ళ మీద కూర్చుని డబ్బాలో వేలు పెట్టింది. వేలికి పొడి దుమ్ము అంటింది. వాసన చూసింది. పెట్రోలు వాసన పలచగా ఉంది, తడి మాత్రం లేదు. ఇంజను నడుస్తున్నా పైనుంచి ఒక్క చుక్క రాలేదు.

“ఇప్పుడు కారడం లేదే?”

“బాగుచేయించా.”

“ఎప్పుడు?”

“నెల పైనే అయింది.”

“నెల పైనా! పదిహేను రోజుల కిందట తెనాలిలో దానమ్మ పొయ్యి పక్కన ఇది చుక్క చుక్కా కారుతోందే! మొహానికి తుండుగుడ్డ చుట్టుకుని ఒకాయన, శాలేమురాజు ఇత్తడి నిప్పిల్ కోసం వచ్చాడు. బాపట్ల జీపుకి బిగించేశాడని తెలిసి నిలువునా బిగిసిపోయాడు.”

ఇంజను ఆగింది. 

“ఇలాంటి డబ్బాలు వందమంది కట్టుకుంటారు,” అన్నాడు ప్రకాశరావు.

“కట్టుకుంటారు. బానెట్ ఎత్తండి, చూసి వెళ్ళిపోతాను. నాది తప్పయితే ఇక్కడే మీకు క్షమాపణ చెబుతాను. మీ రిపోర్టు నేనే స్టేషన్‌కి మోసుకెళతాను.”

ఆయన కదల్లేదు. కావేరే రెండు కొక్కేలూ తప్పించి బానెట్ ఎత్తింది.

లోపల అంతా కడిగి తుడిచి ఉంది. పంపు మీద గానీ, గొట్టం మీద గానీ, ఇంజను మీద గానీ ఎక్కడా పసుపు లేదు, కుంకుమ లేదు. గొట్టానికీ పంపుకీ మధ్య మాత్రం బొటనవేలంత ఇత్తడి ముక్క బంగారంలా మెరుస్తోంది. దాని నడుమన, నూనెతో గట్టిపడి, నారింజరంగు బొట్టు ఒకటి ఉంది.

స్వామి బొమ్మని దానికి ఆనించింది. అంటలేదు. జారి చేతిలో పడింది.

“మీ ఇంట్లో ఈ జీపుకి పూజ చేశారా?”

“చేశాం. బొట్టు పెట్టాం. అయితే ఏంటి?”

“ఒక్క బొట్టేనా? జీపంతా వదిలేసి, లోపల కనపడని ముక్కకా? అది కూడా కుంకుమ కాదు, సింధూరం. ఎందుకు సింధూరమో ఈ లోకంలో భువనేశ్వరి గారికొక్కరికే తెలుసు. శుక్రవారం ఆఖరి బొట్టుకి వాళ్ళింట్లో కుంకుమ అయిపోయింది.”

ప్రకాశరావు స్టీరింగు మీద నుంచి చేతులు తీశాడు. ఆ చేతులకి ఎక్కడ ఉండాలో తెలియలేదు. పొద్దున శాలేమురాజు చేతుల్లాగే.

“ఇంత శుభ్రంగా కడిగారు జీపుని. ఆ బొట్టొక్కటీ ఎందుకు ఉంచారు సార్?” ఈసారి ఆవిడ గొంతులో పదును లేదు.

“గుడ్డ పట్టుకుని రెండుసార్లు వెళ్ళాను,” అన్నాడు ప్రకాశరావు. “మా ఆవిడ ఆసుపత్రి నుంచి వచ్చి వారమే అయింది. ఇంట్లో ఆడమనిషి ప్రాణం అలా ఊగుతుంటే, పూజ చేసిన బొట్టు తుడవడానికి చెయ్యెలా వస్తుందండీ? రాలేదు.”

“భువనేశ్వరి గారి నుదుటి బొట్టు గురించి ఆలోచించలేదే?”

ఆ మాటకి ఆయన మొహం నలిగిపోయింది. “మంట వస్తుందనుకోలేదు! నా జీపుకి ఉన్న ఇనప ముక్క తీసి దానికి పెట్టాను. అప్పటికప్పుడు కారకుండా మరలకి సబ్బు దట్టంగా పూశాను. పోటీ దగ్గర బండ్లన్నీ పరీక్ష చేస్తారు. అక్కడ కారుతుంది, పక్కన పెట్టేస్తారు, అంతే కదా అనుకున్నా. నా జీపుకి పొగగొట్టం మీద రేకు ఒకటి ఉంది. ఆయన జీపుకి లేదు. అది నేను చూసుకోలేదు.”

“చూసుకోలేదు. కానీ తప్పు ఎవరి మీద పెట్టాలో బాగా చూసుకున్నారు. భోజనాల వేళ షెడ్డులో మిమ్మల్ని చూసింది బ్రహ్మయ్య ఒక్కడేనా?”

“ఆయనే తలుపు తీశాడు. మంచినీళ్ళు కూడా ఇచ్చాడు.”

కావేరి చెయ్యి చాపింది. ప్రకాశరావు ఫైలు ఇచ్చేశాడు. అందులో శాలేమురాజుని జైలుకి పంపే కాగితం ఉంది. ఇప్పుడది చిత్తుకాగితం. టైము నాలుగున్నర కావస్తోంది. షెడ్డుకి ఫోను చేసి “అన్నం తినమను మీ ఆయన్ని” అని దానమ్మకి ఒక్క ముక్క చెప్పింది. అవతల ఏడుపూ స్తోత్రమూ కలిసిపోయి వినపడ్డాయి.

“నరసింహారావు గారు బతుకుతారా?” అన్నాడు ప్రకాశరావు. అడిగే హక్కు తనకి లేదని తెలిసిన గొంతు అది.

జవాబు అన్నట్టుగా కావేరి ఫోను మోగింది. భువనేశ్వరి గారు.

“అమ్మాయ్! ఆయన కళ్ళు తెరిచారు! గండం గడిచిందన్నారు డాక్టరుగారు.” ఆవిడ ఊపిరి అందక ఆగింది. కావేరి కళ్ళు మూసుకుంది. ప్రకాశరావు జీపులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే రెండు చేతులూ జోడించాడు.

“కానీ ఏదో తేడాగా మాట్లాడుతున్నారమ్మాయ్. నన్ను గుర్తుపట్టారు. మా తమ్ముణ్ణి గుర్తుపట్టారు. ఒకటే అడుగుతున్నారు, బ్రహ్మయ్య ఎలా ఉన్నాడు, బ్రహ్మయ్యకి ఏమీ కాలేదుగా అని. బ్రహ్మయ్య బస్సులో కదా పోయిందీ అంటే, కాదు, బస్సెందుకు, జీపెక్కరా అని నేనే వెనకాల ఎక్కించుకున్నాను అంటున్నారు. మతి చెదిరి అంటున్నారా? చెప్పవే తల్లీ?”

కావేరి కర్చీఫు మడత విప్పింది. ఆకుపచ్చ పెంకుని బొటనవేలి మీద పెట్టి చూసింది. సోడాసీసా ముక్క ఇంత సన్నగా ఉండదు, ఇంత చిన్న వంపు తిరగదు. ఇది చేతికి తొడిగే గాజుది. ఓణీల వయసు ఆడపిల్ల మణికట్టు వంపు.

వెనక పలకని మంటలార్పినవాళ్ళు తెరవలేదు. లోపల ఉన్న మనిషి తెరిచాడు. ఒంటిమీద మంటతో దూకాడు. ఒక పక్క రోడ్డు. రెండో పక్క మనిషెత్తు జమ్ముగడ్డి పెరిగిన కాలువ. ముందుసీటులోని పెద్దాయన్ని లాగడంలో పడిపోయిన ఆ ఆడవాళ్ళలో ఎవరూ వెనక్కి చూడలేదు. కూతురేమో నాన్న పనివల్ల రాలేదనుకుంది. ఇంట్లోవాళ్ళు కూతురింటికి చేరాడనుకున్నారు. శనివారం పొద్దుటి నుంచి సోమవారం సాయంత్రం దాకా అతన్ని ఎవరూ వెతకలేదు.

“పిన్నిగారూ, ఆయన మతి బాగానే ఉంది. మళ్ళీ చేస్తాను,” అని ఫోను పెట్టేసింది. స్టేషన్‌కి చేసి, కాలువకట్ట దగ్గరికి మనుషుల్నీ అంబులెన్సునీ పంపమని చెప్పింది. ఆవరణ బయట ఆటో లేదు, రోడ్డు మీద బస్సు లేదు. పొద్దు వాలడానికి రెండు గంటల టైముంది.

ప్రకాశరావు ఆ గాజుముక్క వైపే చూస్తున్నాడు. “వెనకాల మనిషున్నాడా?” అన్నాడు.

“మీకు మంచినీళ్ళిచ్చిన మనిషి.”

కావేరి బానెట్ దించి కొక్కేలు బిగించింది. తిరిగొచ్చి, ఆయన పక్కసీట్లో ఎక్కి కూర్చుంది.

“నడపండి. ఈ జీపు చుక్క కారదు కదా.”